బ్లో ఆఫ్ వాల్వుకి ఏ స్ప్రింగు వేయాలి? బూస్ట్ చూసి కాదు, వేక్యూమ్ చూసి

బంటుమిల్లిలో మన షెడ్డు నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల కంప్రెసర్ చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి, పక్కన పని నడుస్తోంది.

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న స్ప్రింగు గురించి చెప్పుకుందాం. చేతిలో పెట్టుకుంటే టార్చిలైటులో వేసే స్ప్రింగుకి పెద్దన్నలా ఉంటుంది, అంతే. కానీ అది తప్పుగా పడితే టర్బో పెట్రోలు కారు బ్రేకు తొక్కే సమయానికి ఆగిపోతుంది. మన ఊళ్ళ రోడ్లు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క రొయ్యల చెరువు, మధ్యలో గట్టు మీద రోడ్డు. మలుపు దగ్గర ఇంజన్ ఆగిందంటే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు రెండుసార్లు తొక్కేసరికి చెక్కలా గట్టిపడుతుంది. అందుకే దీన్ని కుర్రాళ్ళ సరదా వ్యవహారంగా వదిలేయకుండా కొంచెం వివరంగా చెబుతాను.

షెడ్డుకి వచ్చే తమ్ముళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, నా బండి 14 పీఎస్ఐ బూస్ట్ కొడుతోంది. బ్లో ఆఫ్ వాల్వుకి ఎంత స్ప్రింగు వేయమంటావు?" ఈ ప్రశ్నలోనే తేడా ఉంది. స్ప్రింగుకి, ఆ 14కి నేరుగా సంబంధం లేదు. సంబంధం ఉన్న అంకె వేరే ఉంది. బండి ఊరికే ఐడ్లింగులో ఉన్నప్పుడు ఇంజన్ ఎంత వేక్యూమ్ లాగుతోంది, అదీ లెక్క. ఇవాళ మీరు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా చాలు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ముందు అసలు ఈ వాల్వు ఏ బండికి అవసరమో తేల్చుకుందాం. మన దగ్గర చాలా ఏళ్ళపాటు టర్బో అంటే డీజిలే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు వచ్చాక మారుతి లాంటి పెద్ద కంపెనీయే డీజిల్ కార్లు ఆపేసింది. ఆ తర్వాత చిన్న కార్లలో 1 లీటరు, 1.2 లీటరు టర్బో పెట్రోలు ఇంజన్లు బాగా పెరిగాయి. పాత డీజిల్ బండికి అలవాటుపడినవాళ్ళు ఇప్పుడు టర్బో పెట్రోలు కొంటున్నారు. రెండింటిలోనూ టర్బో ఉంది కదా అని రెండూ ఒకటే అనుకుంటున్నారు. కాదండి.

డీజిల్ బండిలో మీరు యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ మాత్రమే ఆగుతుంది. గాలి దారి తెరిచే ఉంటుంది. టర్బో తోసిన గాలి అలాగే ఇంజన్లోకి పోతుంది. అందుకని దానికి బ్లో ఆఫ్ వాల్వుతో పని లేదు. కొన్ని కొత్త డీజిళ్ళలో గాలి దారికి ఒక ప్లాపు ఉంటుంది, కానీ అది మీ కాలు చెప్పినట్టు వినేది కాదు. పొగ తగ్గించడానికి, ఇంజన్ ఆపేటప్పుడు కుదుపు లేకుండా చేయడానికి ఉంటుంది. డీజిల్ బండికి "ప్ష్" అని చప్పుడు రావాలని కిట్లు అమ్ముతుంటారు. అది కష్టపడి తోసిన గాలిని కావాలని బయటికి వదిలేసే ఏర్పాటు. దానికి ఏ స్ప్రింగు మంచిదని నన్ను అడగకండి, వాల్వే వద్దంటాను.

పెట్రోలు బండి సంగతి వేరు. అందులో థ్రాటిల్ ఉంటుంది, అంటే గాలి దారికి ఒక తలుపు. మీ కాలు తీయగానే ఆ తలుపు మూసుకుంటుంది. కానీ టర్బో అప్పటికే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతూ ఉంటుంది, చిన్న టర్బోలైతే రెండు లక్షల దాకా పోతాయి. అది ఠక్కున ఆగదు కదా. గాలిని తోస్తూనే ఉంటుంది. ముందు తలుపు మూసి ఉంది. ఆ గాలి ఎటు పోవాలి?

మనవాళ్ళకి ఇది కాలువ భాషలో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. పై నుంచి నీళ్ళు వస్తున్నాయి. కింద లాకుల దగ్గర షట్టరు ఒక్కసారిగా దించేశారు. ఇంకో దారి లేకపోతే నీళ్ళు వెనక్కి తన్నుతాయి, గట్టు మీదకి వస్తాయి. అందుకే పక్కన మిగులు నీటికి ఒక తూము పెడతారు. బ్లో ఆఫ్ వాల్వు ఆ తూమే. థ్రాటిల్ మూసుకున్న క్షణంలో తెరుచుకుని, పైపులో చిక్కిన గాలిని వదిలి, మళ్ళీ మూసుకోవాలి. తెరుచుకోకపోతే ఆ గాలి వెనక్కి తిరిగి టర్బో రెక్కల మీదకే తన్నుతుంది. "స్తుత్తుత్తుత్తు" అని పావురం రెక్కలు కొట్టుకున్నట్టు చప్పుడు వస్తుంది చూశారా, అదే. దాన్ని సర్జ్ అంటారు. కొందరికి ఆ చప్పుడు ఇష్టం. కానీ గట్టి బూస్ట్ మీద పదే పదే అలా జరిగితే టర్బో షాఫ్టుని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగు మీద ఆ దెబ్బంతా పడుతుంది.

ఇప్పుడు స్ప్రింగు దగ్గరకి వద్దాం. చాలామంది దీన్ని ప్రెషర్ కుక్కర్ వెయిట్‌లా ఊహించుకుంటారు. కుక్కర్లో ఆవిరి ఒక లెక్కకి రాగానే వెయిట్ లేచి విజిల్ వేస్తుంది. ఎక్కువ ప్రెషర్ ఆపాలంటే ఎక్కువ బరువు వెయిట్ పెట్టాలి. ఈ లెక్కన 14 పీఎస్ఐ ఆపాలంటే 14 పీఎస్ఐ స్ప్రింగు కావాలి కదా అనుకుంటారు. అక్కడే పప్పులో కాలేస్తున్నారు.

బ్లో ఆఫ్ వాల్వు కుక్కర్ వెయిట్ కాదు, అది తక్కెడ. కింద పళ్ళెంలో టర్బో పైపులోని గాలి. పై పళ్ళెంలో, థ్రాటిల్ దాటాక ఉన్న ఇన్‌టేక్ మ్యానిఫోల్డు నుంచి సన్న హోసు ద్వారా వచ్చే గాలి. స్ప్రింగు పై పళ్ళెం వైపు ఉండి వాల్వుని మూసి ఉంచుతుంది. ఈ మూడే.

ఒక్కొక్క సందర్భం అంకెలతో చూద్దాం. వాల్వులో పైముఖం, కింది ముఖం ఒకే సైజు అనుకోండి. స్ప్రింగు 10 పీఎస్ఐది.

మొదటి సందర్భం. కాలు పూర్తిగా తొక్కి ఉంచారు. పైపులో 14 పీఎస్ఐ. థ్రాటిల్ బార్లా తెరిచే ఉంది కాబట్టి మ్యానిఫోల్డులో కూడా దాదాపు 14. కింద నుంచి 14 తోస్తోంది, పై నుంచి 14 తోస్తోంది. రెండూ కొట్టుడుపోయాయి. మిగిలింది స్ప్రింగు ఒక్కటే. వాల్వు మూసే ఉంటుంది. బూస్ట్ 14 బదులు 20 అయినా ఇదే లెక్క, 20కి 20. అర్థమైందా? బూస్ట్‌ని ఆపేది స్ప్రింగు కాదు, పై హోసులో వచ్చే గాలే.

రెండో సందర్భం. అదే స్పీడులో కాలు తీసేశారు. థ్రాటిల్ మూసుకుంది. పైపులో ఇంకా 14 ఉంది. మ్యానిఫోల్డులో మాత్రం ఇంజన్ లాగేసరికి వేక్యూమ్ వచ్చింది, సుమారు 10 పీఎస్ఐ వేక్యూమ్ అనుకోండి. కింద నుంచి 14 తోస్తోంది, పై నుంచి 10 లాగుతోంది. తేడా 24. స్ప్రింగు బలం 10. వాల్వు ఠపీమని తెరుచుకుంటుంది. మనకి కావలసింది ఇదే.

మూడో సందర్భం. బండి ఇంటి ముందు ఆగి ఐడ్లింగులో ఉంది. టర్బో దాదాపు ఏమీ తోయడం లేదు, పైపులో సున్నా అనుకోండి. మ్యానిఫోల్డులో 10కి కొంచెం తక్కువ వేక్యూమ్ లాగుతోంది. స్ప్రింగు 10. కాస్తలో నెగ్గి వాల్వుని మూసి ఉంచింది.

ఈ మూడింటిలో స్ప్రింగుకి నిజమైన పరీక్ష ఏది? మూడోది. ఫుల్ బూస్ట్‌లో స్ప్రింగుకి పెద్ద పని లేదు. కాలు తీసినప్పుడు అది ఎలాగూ ఓడిపోవాలి. ఐడ్లింగులో మాత్రం అది నెగ్గాలి, అదీ కొంచెం తేడాతోనే నెగ్గాలి. మరీ ఎక్కువ తేడాతో నెగ్గే స్ప్రింగు వేస్తే, తక్కువ బూస్ట్‌లో కాలు తీసినప్పుడు వాల్వు తెరుచుకోదు. అందుకే ఐడ్లింగు వేక్యూమ్‌ని కొలిచి, దానికి సరిగ్గా పైనున్న స్ప్రింగు వేయాలి.

కొలవడం ఎలాగో చెబుతాను. వేక్యూమ్ గేజి ఒకటి కావాలి. మ్యానిఫోల్డు నుంచి బ్లో ఆఫ్ వాల్వుకి వెళ్ళే హోసులో ఒక టీ జాయింటు పెట్టి గేజి కలపండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కే దాకా ఆగండి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాలి. చల్లటి ఇంజన్ ఐడ్లింగు ఎక్కువగా ఉంటుంది, ఆ రీడింగు పనికిరాదు. తర్వాత ఏసీ ఆపి ఒక రీడింగు, ఏసీ వేసి ఒక రీడింగు రాసుకోండి. ఏసీ వేస్తే ఇంజన్‌కి బరువు పెరుగుతుంది, వేక్యూమ్ తగ్గుతుంది. స్ప్రింగు లెక్కకి రెండింటిలో పెద్దది, అంటే సాధారణంగా ఏసీ ఆపిన రీడింగు తీసుకోవాలి. మన ఎండలకి ఏసీ ఎలాగూ ఎప్పుడూ వేసే ఉంటుంది కదా అని దాన్ని లెక్కలోకి తీసుకుంటే, చలికాలం పొద్దున్నే ఏసీ ఆపినప్పుడు వాల్వు ఐడ్లింగులో తెరుచుకుంటుంది.

గేజి మీద అంకె అంగుళాల పాదరసంలో ఉంటుంది. స్ప్రింగులు ఎక్కువగా పీఎస్ఐలో అమ్ముతారు. మార్చుకోవడం తేలిక. అంగుళాలని సగం చేయండి, దాదాపు అదే పీఎస్ఐ. ఖచ్చితంగా కావాలంటే 0.49తో గుణించండి. 16 అంగుళాలంటే 7.9 పీఎస్ఐ. 18 అంటే 8.8. 20 అంటే 9.8. 22 అంటే 10.8. మీ బండి 18 అంగుళాలు చూపిస్తే 9 పీఎస్ఐ స్ప్రింగు. 20 చూపిస్తే 10ది. దొరికేవాటిలో 8, 10, 12 మాత్రమే ఉండి మీకు 9 కావాల్సి వస్తే, బయటికి గాలి వదిలే రకం వాల్వుకి 10 తీసుకోండి. 12కి వెళ్ళకండి. అన్నిటికంటే ముందు, వాల్వు కంపెనీ ఇచ్చిన చార్టు ఉంటే అది చూడండి. కొన్ని వాల్వుల్లో పై డయాఫ్రం పెద్దది, కింద ముఖం చిన్నది ఉంటుంది. అప్పుడు వాళ్ళ అంకె వాళ్ళ వాల్వుకే సరిపోతుంది. ఒక కంపెనీ స్ప్రింగు ఇంకో కంపెనీ వాల్వులో వేసి "ఇదీ 10, అదీ 10" అనుకోవడానికి లేదు.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. బంటుమిల్లి సముద్రమట్టానికి దాదాపు సమానంగా ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి 30 అంగుళాలకి కొద్దిగా తక్కువ. ఎత్తుకి వెళ్ళే కొద్దీ ప్రతి 300 మీటర్లకి సుమారు 1 అంగుళం తగ్గుతుంది. గేజి చూపించేది బయటి గాలికీ మ్యానిఫోల్డు గాలికీ ఉన్న తేడా. బయట గాలి తగ్గితే గేజి అంకె కూడా తగ్గుతుంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ 17 అంగుళాలు చూపించే బండి మన దగ్గరకి వస్తే 20 చూపిస్తుంది. హైదరాబాద్ 500 మీటర్లకి కాస్త పైన, అక్కడికీ ఇక్కడికీ ఒకటిన్నర, రెండు అంగుళాల తేడా వస్తుంది.

దీని వల్ల ఏమవుతుందో చూడండి. బెంగళూరులో ఉద్యోగం చేసే మన కుర్రాడు అక్కడే వాల్వు పెట్టించాడు. అక్కడ 17 అంగుళాలు, దానికి 9 పీఎస్ఐ స్ప్రింగు. చక్కగా సరిపోయింది, పెట్టినవాళ్ళది తప్పేమీ లేదు. సంక్రాంతికి ఊరికి వచ్చాడు. ఇక్కడ 20 అంగుళాలు, అంటే 9.8 పీఎస్ఐ లాగుతోంది. 9 స్ప్రింగు ఓడిపోయింది. ఐడ్లింగు పైకీ కిందకీ ఊగుతోంది, వంతెన దగ్గర స్లో చేస్తే ఆగిపోతోంది. ఇలాంటి బండి మన షెడ్డుకి వచ్చింది. అంతకుముందు ప్లగ్గులు మార్పించాడు, పెట్రోలు బాగోలేదని ట్యాంకు ఖాళీ చేయించాడు. గేజి పెట్టి చూస్తే 5 నిమిషాల్లో సంగతి తెలిసిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో బెంగళూరు, హైదరాబాద్ రిజిస్ట్రేషన్ టర్బో బళ్ళు కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ సెట్ చేసిన స్ప్రింగుని ఇక్కడ మళ్ళీ కొలుచుకోవాలి.

మరి ఇక్కడ సెట్ చేసుకుని తిరుమల వెళ్తే? కొండ మీద సుమారు 850 మీటర్లు. అక్కడ వేక్యూమ్ తగ్గుతుంది కాబట్టి ఐడ్లింగులో వాల్వు ఇంకా గట్టిగా మూసుకునే ఉంటుంది. బండి ఆగిపోయే భయం లేదు. ఘాట్‌లో కాలు తీసినప్పుడు కొద్దిగా రెక్కల చప్పుడు వినిపించవచ్చు, అంతే. కాబట్టి మీరు ఎక్కువగా తిరిగే ఊళ్ళలో ఏది అన్నిటికంటే కిందుందో అక్కడ కొలవండి. మనకైతే ఇల్లే కిందుంది, ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు స్ప్రింగు మెత్తనైతే బండి ఎందుకు ఆగుతుందో చూద్దాం. చాలా బళ్ళలో ఎయిర్ ఫిల్టర్ దాటగానే గాలిని కొలిచే సెన్సార్ ఒకటి ఉంటుంది, మాఫ్ సెన్సార్ అంటారు. లోపలికి ఎంత గాలి పోయిందో అది కంప్యూటర్‌కి చెబుతుంది, దాన్ని బట్టి పెట్రోలు పడుతుంది. ఐడ్లింగులో వాల్వు తెరిచి ఉంటే, ఆ సెన్సార్‌కి తెలియకుండా పక్క దారిలో గాలి దూరుతుంది. పెట్రోలు చాలదు, ఇంజన్ ఊగుతుంది. పైగా ఆ గాలికి ఫిల్టర్ లేదు. కోతల రోజుల్లో మన రోడ్ల మీద లేచే దుమ్ము, ఊక మీకు తెలుసు. అదంతా నేరుగా ఇంజన్లోకి పోతుంది.

బయటికి గాలి వదిలే వాల్వు వల్ల దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. కాలు తీసినప్పుడు, సెన్సార్ లెక్కేసిన గాలి "ప్ష్" అని బయటికి పోయింది. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. ఆ గాలికి సరిపడా పెట్రోలు పడుతుంది. పెట్రోలు ఎక్కువై, నల్లపొగ వచ్చి, ఆర్పీఎం పడిపోతుంది. కొన్ని బళ్ళు తేరుకుంటాయి, కొన్ని ఆగిపోతాయి. ఇది సరైన స్ప్రింగు వేసినా పూర్తిగా పోదు. అందుకే అలాంటి బండికి నా సలహా ఎప్పుడూ ఒకటే. కంపెనీ ఇచ్చిన పద్ధతిలోనే, వాల్వు వదిలిన గాలిని మళ్ళీ టర్బో ముందు పైపులోకే పంపే రకం వాడండి. దాన్ని డైవర్టర్ అనీ, రీసర్క్యులేషన్ అనీ అంటారు. దానిలో గాలి బయటికి పోదు కాబట్టి లెక్క తప్పదు. స్ప్రింగు కొంచెం మెత్తనైనా ప్రమాదం లేదు. చప్పుడు తక్కువ. చప్పుడు కోసం ఇంజన్ ఆగిపోయే బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని గట్టు మీద పోవడం ఎందుకండీ?

మాఫ్ లేకుండా మ్యానిఫోల్డు ఒత్తిడిని బట్టి లెక్కవేసే బళ్ళు కూడా ఉన్నాయి. వాటికి ఈ బాధ తక్కువ. మీది ఏ రకమో తెలియాలంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకి వెళ్ళే పైపు మొదట్లో వైరు కనెక్టరున్న సెన్సార్ ఉందా లేదా చూడండి. అనుమానంగా ఉంటే స్కానర్ పెట్టించండి, గాలి కొలత గ్రాముల్లో వస్తోందో లేదో తెలిసిపోతుంది.

ఇంకో రకం కూడా ఉంది. ఇప్పటి చాలా టర్బో పెట్రోలు ఇంజన్లలో వాల్వు టర్బో ఒంటి మీదే ఉంటుంది, దాన్ని కరెంటు కాయిల్‌తో కంప్యూటరే తెరుస్తుంది. దానిలో చిన్న స్ప్రింగు ఉన్నా అది వేక్యూమ్‌తో పోరాడేది కాదు, వాల్వుని వెనక్కి తెచ్చి మూసేది. వాటికి ఇప్పటిదాకా చెప్పిన లెక్క వర్తించదు. స్ప్రింగు మార్చే పని పెట్టుకోకండి. కొన్ని ఇంజన్లకి అసలు ఈ వాల్వే ఇవ్వరు. పైపులో ఇరుక్కునే గాలి తక్కువ కాబట్టి, టర్బోని వేరే విధంగా అదుపు చేసుకుంటాయి. కంపెనీ పెట్టలేదు కదా అని మనం పెట్టాలనేం లేదు.

స్ప్రింగు గట్టిదైతే గుర్తులు వేరుగా ఉంటాయి. కాలు తీసిన ప్రతిసారీ రెక్కల చప్పుడు, మళ్ళీ తొక్కితే పికప్ అందుకోవడానికి ఆలస్యం. టర్బో వేగం పడిపోతుంది కాబట్టి ఆ ఆలస్యం. అయితే ఒక మాట. చాలా తక్కువ బూస్ట్‌లో, 2, 3 పీఎస్ఐలో కాలు సగం తీసినప్పుడు కొంచెం చప్పుడు రావడం మామూలే. పైపులో 3 ఉంది, మ్యానిఫోల్డులో 2 వేక్యూమ్ ఉంది, తేడా 5. 10 స్ప్రింగుని 5 తెరవలేదు. దాని కోసం స్ప్రింగు మెత్తనిది వేస్తే ఐడ్లింగు పోతుంది. ఆ చిన్న చప్పుడుని వదిలేయండి. మూడో గేరులో గట్టిగా లాగి కాలు పూర్తిగా తీసినప్పుడు ఒకే "ప్ష్" రావాలి, అది చూసుకోండి. అదీ ఊరి బయట, ఖాళీ రోడ్డు మీద, స్పీడు లిమిట్ లోపలే.

స్ప్రింగు మీద అంకె లేకపోతే? పెయింటు రంగుల్ని నమ్మకండి, తూకం వేయండి. మన దగ్గర రొయ్యలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలకి కొదవ లేదు. వాల్వు మూసి ఉన్నప్పుడు లోపల స్ప్రింగు ఎంత పొడవులో కూర్చుంటుందో వెర్నియర్‌తో కొలవండి. కాటాని డ్రిల్లింగ్ మిషన్ కింద పెట్టి, బిట్టు తీసేసి, స్ప్రింగుని అదే పొడవుకి వచ్చేదాకా నొక్కండి. మిషన్ ఆఫ్‌లోనే ఉండాలి, స్ప్రింగు ఎగరకుండా కళ్ళద్దాలు పెట్టుకోండి. కాటా చూపించిన కిలోలని, వేక్యూమ్ లాగే ముఖం వైశాల్యంతో భాగించండి. 30 మిల్లీమీటర్ల వాల్వుకి వైశాల్యం 7 చదరపు సెంటీమీటర్లు. 10 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి 0.7 కిలో. అంటే కాటా మీద 5 కిలోలకి కాస్త అటూ ఇటూ రావాలి. 4 వస్తే అది 8 పీఎస్ఐ స్ప్రింగు, ఎవరేం చెప్పినా సరే.

కొద్దిగా చాలకపోతే స్ప్రింగు వెనక వాషరు వేయొచ్చు. ఒక మిల్లీమీటరు నొక్కితే 300 గ్రాములు పెరిగే స్ప్రింగు అనుకోండి. ఒకటిన్నర మిల్లీమీటరు వాషరు వేస్తే 450 గ్రాములు. ఇదే వాల్వుకి 0.9 పీఎస్ఐ పెరుగుతుంది, అంటే సుమారు 2 అంగుళాల వేక్యూమ్. పైన చెప్పిన బెంగళూరు బండి తేడా సరిగ్గా ఈ మాత్రమే. కానీ వాషర్లు పెంచుకుంటూ పోతే వాల్వు పూర్తిగా తెరుచుకునే లోపే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. ఒకటి దాటితే స్ప్రింగే మార్చండి. పైన స్క్రూ తిప్పి సరిచేసే రకమైతే, మెత్తగా మొదలుపెట్టి, ఐడ్లింగులో మూసుకునే దాకా బిగించి అక్కడే ఆపండి. మూసుకుందో లేదో తెలియాలంటే గాలి వదిలే మూతి దగ్గర సన్నటి కాగితం పట్టుకోండి. లోపలికి లాగితే వాల్వు తెరిచి ఉన్నట్టే. చేతులు ఫ్యాను, బెల్టు వైపు పోనివ్వకండి.

స్ప్రింగుని తప్పుపట్టే ముందు హోసు చూడండి. వాల్వుకి వచ్చే సన్న హోసు పగిలితే, పై పళ్ళెం ఖాళీ అయినట్టే. అప్పుడు బూస్ట్‌లో వాల్వు తెరుచుకుని పికప్ పోతుంది. "స్ప్రింగు బూస్ట్ ఆపడం లేదు" అని వచ్చే బళ్ళలో ముందు నేను చూసేది అదే. ఆక్వా షాపులో దొరికే ఎయిర్ ట్యూబు తెచ్చి వేస్తారు కొందరు. అది చెరువుకి పనికొస్తుంది, ఇంజన్ వేడికి మెత్తబడి అతుక్కుపోతుంది. వేడిని తట్టుకునే వేక్యూమ్ హోసే వేయండి. బ్రేకు బూస్టర్ హోసులో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ టీ పెట్టకండి. ఇంకోటి, మన ఉప్పుగాలి. నాగాయలంక, కృత్తివెన్ను వైపు బళ్ళలో స్ప్రింగు తుప్పు పట్టి, పిస్టన్ పట్టేస్తూ ఉంటుంది. ఏడాదికోసారి విప్పి, తుడిచి, కంపెనీ చెప్పిన గ్రీజు పల్చగా రాసి బిగించండి.

ఆఖరుగా చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. వారంటీ, ఇన్సూరెన్సు దగ్గర కూడా ఇది అడ్డు వస్తుంది. అందుకని రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ వాల్వు, కంపెనీ స్ప్రింగు బాగుచేసుకుని వాడుకోవడమే మేలు. వేరే వాల్వు ముందే పెట్టి ఉన్న బండి మీ చేతికి వస్తే, పాత పద్ధతికి మార్పించండి. అది అయ్యేలోపు కనీసం గేజి పెట్టి చూసుకోండి.

మొత్తం మీద వరస ఇదండి. డీజిల్ అయితే వద్దు. కరెంటు వాల్వు అయితే ముట్టుకోవద్దు. వేక్యూమ్‌తో పనిచేసే వాల్వు అయితే ముందు హోసు, తర్వాత గేజి, ఆ తర్వాత స్ప్రింగు. వేడి ఇంజను, ఏసీ ఆపిన రీడింగు, దాంట్లో సగం పీఎస్ఐ, దానికి కొంచెం పైన. చప్పుడు ఎలా వస్తోందన్నది లెక్కలోకి తీసుకోకండి.

మీ బండి ఐడ్లింగులో ఎన్ని అంగుళాలు చూపించిందో, ఏ ఊళ్ళో కొలిచారో రాసి పెట్టుకోండి. షెడ్డుకి వచ్చినప్పుడు ఆ కాగితం తెస్తే మన మాట సగం తగ్గిపోతుంది. వచ్చే ఎపిసోడ్‌లో టర్బో ఆయిల్ పైపు ఎందుకు మూసుకుపోతుందో విప్పి చూపిస్తాను. అప్పటిదాకా గట్టు రోడ్ల మీద నిదానంగా నడపండి. ఉంటానండి, నమస్కారం.